కొత్త వాల్వులు, పాత రొద

వాల్వు ఆంప్లిఫయర్ పెట్టుకున్న ఇంట్లో ఎప్పుడో ఒకరోజు ఇది జరిగి తీరుతుంది. ఏళ్ల తరబడి పాడిన వాల్వులు నీరసించాయని, గొంతులో పదును తగ్గిందని అనిపించి, డబ్బు పోసి కొత్త సెట్టు తెప్పిస్తారు. పాతవి పీకి, కొత్తవి గుచ్చి, స్విచ్చి వేస్తారు. అర నిమిషంలో ఫిలమెంట్లు ఎర్రబడతాయి. పాట ఇంకా పెట్టనే లేదు, స్పీకర్లోంచి ‘గూఁ’ అంటూ ఒక మోత మొదలవుతుంది. నిన్నటిదాకా లేదు, మార్చింది వాల్వులే, కాబట్టి కొట్టువాడు నాసిరకం అంటగట్టాడని తీర్మానం అయిపోతుంది.

ఆ తీర్మానం నిజమయ్యే సందర్భాలు లేకపోలేదు. కానీ చాలాసార్లు ఆ మోత నిన్న కూడా పెట్టెలో ఉంది. లోపలి భాగాలు ఒకదాని మోతను మరొకటి కొట్టేస్తూ ఉండటం వల్ల అది స్పీకరు దాకా రాలేదు. వాల్వు ఆంప్లిఫయర్‌లో నిశ్శబ్దం చాలావరకు తీసివేత లెక్క. కొత్త వాల్వు ఆ లెక్కలో ఒక అంకెను మార్చింది, శేషం మిగిలింది. ఎక్కడ మిగిలిందో పట్టుకోవాలంటే, ఆ తీసివేత ఎక్కడెక్కడ జరుగుతోందో ముందు చూడాలి.

ఒక నిజమైన ఆంప్లిఫయర్‌నే ముందు పెట్టుకుందాం. 1954లో బ్రిటన్‌లోని మల్లార్డ్ సంస్థ, అభిరుచి ఉన్నవాళ్లు ఇంట్లోనే కట్టుకోవడానికి ‘ఫైవ్-టెన్’ అనే నమూనా ప్రకటించింది. ఐదు వాల్వులు, పది వాట్లు, అందుకే ఆ పేరు. ముందు వరసలో ఈఎఫ్86 అనే పెంటోడు చిన్న సిగ్నల్‌ను పెద్దది చేస్తుంది. తర్వాత ఈసీసీ83 ఆ సిగ్నల్‌ను ఒకదానికొకటి తలకిందులుగా ఉండే రెండు ప్రతులుగా చీలుస్తుంది. వాటిని రెండు ఈఎల్84లు చెరొకటి అందుకుని, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా స్పీకరును నడుపుతాయి. ఐదోది రెక్టిఫయర్. ఇలాంటి వాల్వులు మన దగ్గరా తయారయ్యాయి. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రిసీవింగ్ వాల్వుల తయారీ మొదలుపెట్టింది. ఈనాడు లక్షలు పెట్టి కొనే ఆంప్లిఫయర్లు కూడా చాలావరకు ఈ అమరికకే కాస్త అటూ ఇటుగా ఉంటాయి.

మోతకు మూలం గోడ సాకెట్టులోని ఏసీ. మన దేశంలో దాని ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. (అమెరికాలో ఉంటున్న పాఠకులు ఈ అధ్యాయంలో 50 హెర్ట్జ్ అన్నచోట 60 అని, 100 హెర్ట్జ్ అన్నచోట 120 అని చదువుకోవాలి.) ఇది పాటలోకి దూరడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటిది ఫిలమెంటు. దాన్ని వేడెక్కించేది సాధారణంగా 6.3 వోల్టుల ఏసీయే, కాబట్టి అక్కడి నుంచి వచ్చే మోతలో 50 హెర్ట్జ్ ముందుంటుంది. రెండోది హెచ్‌టీ, అంటే ఆనోడ్లకు అందాల్సిన మూడొందల వోల్టుల డీసీ. రెక్టిఫయర్ ఏసీ అలలో కిందికి దిగే సగాన్ని కూడా పైకి తిప్పుతుంది, అందుకే అక్కడ మోత 100 హెర్ట్జ్‌కు మారుతుంది. పక్కనున్న కెపాసిటర్ ఈ హెచ్చుతగ్గులను చదును చేస్తుంది గానీ పూర్తిగా చేయలేదు. 50 మైక్రోఫారాడ్ల కెపాసిటర్ మీద 100 మిల్లీ ఆంపియర్ల భారం పడితే, మోటు లెక్కన, ఎత్తుకూ పల్లానికీ మధ్య 20 వోల్టుల దాకా తేడా ఉంటుంది.

ఈ 20 వోల్టులను స్పీకరు దగ్గర వినిపించే స్థాయితో పోల్చి చూడాలి. 2.83 వోల్టులు ఇస్తే మీటరు దూరంలో 90 డెసిబెల్స్ మోగే మామూలు స్పీకరు తీసుకోండి. దాని కొసల మధ్య 10 మిల్లీవోల్టుల మోత ఉంటే 41 డెసిబెల్స్ వస్తాయి. మనిషి చెవికి 100 హెర్ట్జ్ వినబడటం మొదలయ్యేది సుమారు 26 డెసిబెల్స్ దగ్గర, 50 హెర్ట్జ్ అయితే సుమారు 44 దగ్గర. అంటే అదే 10 మిల్లీవోల్టులు 100 హెర్ట్జ్ అయితే రాత్రిపూట గదిలో స్పష్టంగా వినిపిస్తాయి, స్వచ్ఛమైన 50 హెర్ట్జ్ అయితే దాదాపు వినబడవు. పైగా చిన్న స్పీకర్లు 50 హెర్ట్జ్‌ను సరిగా పలకవు కూడా. కాబట్టి మీకు మోత బాగా వినిపిస్తోందంటే అది 100 అయ్యే అవకాశమే ఎక్కువ. కొమ్ము స్పీకర్లు వాడేవారికి ఒక మాట: 100 డెసిబెల్స్ సామర్థ్యం ఉన్న స్పీకర్లో ఒక్క మిల్లీవోల్టు కూడా 31 డెసిబెల్స్ అవుతుంది. అక్కడ ఏ ఆంప్లిఫయరైనా గిల్టీయే.

కర్ణాటక సంగీతం వినేవారికి ఈ 100 హెర్ట్జ్‌తో ఒక ప్రత్యేకమైన పేచీ ఉంది. గాయనులు ఎక్కువగా పాడే ఐదు శ్రుతిలో షడ్జం సుమారు 196 హెర్ట్జ్. తంబురాలో మంద్ర షడ్జం తీగ దానికి సగం, 98. మోత 100. పాట సాగుతున్నంతసేపూ అది తంబురా చాటున దాక్కుంటుంది. కానీ రెండింటికీ రెండు హెర్ట్జ్ తేడా ఉంది కాబట్టి సెకనుకు రెండుసార్లు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. ‘రికార్డులో తంబురా శ్రుతి కుదరలేదు’ అని నిందించే ముందు ఆంప్లిఫయర్‌ను అనుమానించడం న్యాయం.

మోత ఎంత ఫ్రీక్వెన్సీదో తెలుసుకోవడం కష్టం కాదు. కీబోర్డు ఉంటే 98 హెర్ట్జ్ ఉండే ‘జీ’ మెట్టు నొక్కి పోల్చవచ్చు, దాని కింది స్థాయిలోని ‘జీ’ 49. ఫోనులో స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఉంటే ఇంకా తేలిక. ఈ ఒక్క సంగతి తేలితే సగం పని అయినట్టే.

50 హెర్ట్జ్ తేలిందనుకుందాం. అప్పుడు చూడాల్సింది ఫిలమెంటూ కాథోడూ కలిసే చోటు. కాథోడ్ అనేది నికెల్‌తో చేసిన సన్నని గొట్టం. దాని పైన బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల తెల్లని పూత. గొట్టం లోపల టంగ్‌స్టన్ తీగ, అదే ఫిలమెంటు. తీగ గొట్టానికి తగలకుండా దాని మీద అల్యూమినా పూత. తీగ కాలితే గొట్టం 700 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కి ఎలక్ట్రాన్లను వదులుతుంది. అల్యూమినా చల్లగా ఉన్నప్పుడు గట్టి ఇన్సులేటర్. వేడెక్కే కొద్దీ దాని పట్టు సడలుతుంది. గొట్టం కంటే తీగ ఇంకా వేడిగా ఉంటుంది కాబట్టి అక్కడ ఎంతో కొంత లీకేజీ తప్పదు.

అంతటితో పోదు. వేడి తీగ కూడా ఎలక్ట్రాన్లను వదలగలదు. ముందు వరస వాల్వులో కాథోడ్ సాధారణంగా ఒకటి రెండు వోల్టులు పాజిటివ్‌గా ఉంటుంది. ఫిలమెంటు కొస ఏసీతో పాటు ఊగుతూ నెగటివ్ వైపు వెళ్లిన ప్రతిసారీ అక్కడి నుంచి కాథోడ్ వైపు ఎలక్ట్రాన్లు దూకుతాయి. ఎవరూ గీయని, ఏ సర్క్యూట్ పటంలోనూ కనబడని ఒక డయోడ్ వాల్వు లోపల పుట్టిందన్నమాట. అది ఒకవైపే ప్రవహిస్తుంది కాబట్టి అందులోంచి వచ్చే మోతలో 50 ఒక్కటే ఉండదు, 100, 150 వంటి గుణిజాలు కూడా కలిసి చెవికి తగులుతాయి. దీనికి పాతకాలపు ఇంజనీర్లు కనిపెట్టిన మందు చక్కనిది. ఫిలమెంటు సరఫరా మొత్తాన్ని 30, 40 వోల్టుల డీసీ మీదికి ఎత్తి కూర్చోబెడతారు. ఇప్పుడు ఫిలమెంటు ఎప్పుడూ కాథోడ్ కంటే పాజిటివ్‌గానే ఉంటుంది, ఎలక్ట్రాన్లకు దూకే దిక్కు లేదు. వాల్వు డేటాషీట్లో రాసిన ఫిలమెంటు-కాథోడ్ హద్దు దాటకుండా చూసుకుంటే చాలు.

లీకేజీ ఎంత చిన్నదైతే ఇబ్బంది పెడుతుంది? ఒక్క మైక్రో ఆంపియర్ చాలు. కాథోడ్ కింద 1,500 ఓముల రెసిస్టర్ ఉంటే దాని మీద 1.5 మిల్లీవోల్టులు తయారవుతాయి, వాల్వు దాన్ని పాటతో సమానంగా పెంచుతుంది. ఆ రెసిస్టర్‌కు సమాంతరంగా 100 మైక్రోఫారాడ్ల కెపాసిటర్ ఉంటే 50 హెర్ట్జ్ దగ్గర అది 32 ఓముల దారి ఇస్తుంది, మోత 32 మైక్రోవోల్టులకు పడిపోతుంది. దాదాపు యాభయ్యో వంతు. ముప్పై ఏళ్ల ఆంప్లిఫయర్‌లో ఆ కెపాసిటర్ ఎండిపోయి ఉండవచ్చు. అప్పుడు లీకేజీ లేని పాత వాల్వుతో ఏ గొడవా ఉండదు, రవ్వంత లీకేజీ ఉన్న కొత్త వాల్వు పెట్టగానే మోత మొదలవుతుంది. ఇప్పుడు తప్పు ఎవరిది? కొత్త వాల్వు హద్దుల్లోనే ఉండవచ్చు. తప్పు కెపాసిటర్‌ది.

ఫిలమెంటు విషయంలో తీసివేత ఇంకో రెండు చోట్ల జరుగుతుంది. ఫిలమెంటు సరఫరా రెండు కొసల నుంచీ చెరో 100 ఓముల రెసిస్టర్ ఎర్త్‌కు కడతారు. దానితో ఒక కొస పైకి వెళ్లినప్పుడు రెండోది సరిగ్గా అంతే కిందికి వెళ్లి, రెండింటి ప్రభావమూ వాల్వులోకి సిగ్నల్ అందుకునే గ్రిడ్ దగ్గర రద్దవుతుంది. ఈ రెసిస్టర్లలో ఒకటి కాలిపోయి ఉన్నా చాలాకాలం ఎవరికీ తెలియదు. ఇక ఈఎఫ్86 తయారుచేసినవాళ్లు ఫిలమెంటు తీగనే జంట పేటలుగా చుట్టారు, పక్కపక్క పేటల్లో కరెంటు ఎదురెదురుగా పోయి అయస్కాంత క్షేత్రాలు కొట్టుకుపోయేలా.

మోత 100 హెర్ట్జ్ అయితే చూపు వెనక వరసకు, ఈఎల్84ల జంట వైపు తిప్పాలి. హెచ్‌టీ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నడిమధ్యకు వచ్చి, అక్కడి నుంచి రెండు సగాలుగా చీలి చెరో వాల్వుకు వెళుతుంది. కావడి మోసేవాడు రెండు బిందెల్లోనూ నీళ్లు సమంగా ఉంటే నిటారుగా నడుస్తాడు. ఇక్కడా అంతే. హెచ్‌టీలోని హెచ్చుతగ్గులు రెండు సగాల్లోనూ ఒకేలా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో అవి ఎదురెదురై చస్తాయి. అందుకే ఇలా రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేసే పుష్-పుల్ ఆంప్లిఫయర్ వెనక వరసకు అంత మోటు హెచ్‌టీ ఇచ్చినా తట్టుకుంటుంది. కొత్త జంటలో ఒక వాల్వు 40 మిల్లీ ఆంపియర్లు, రెండోది 30 లాగితే ఈ తీసివేత సగంలో ఆగిపోతుంది. తేడాగా మిగిలిన డీసీ కోర్‌ను ఒకవైపు అయస్కాంతంగా మార్చి, కింది స్వరాలను కూడా పాడు చేస్తుంది.

కొలవడం తేలికే. ఒక్కో వాల్వుకు వేరువేరుగా కాథోడ్ రెసిస్టర్లు ఉంటే వాటి మీద డీసీ వోల్టులు చూడండి. 270 ఓముల మీద 10.8 వోల్టులు వస్తే 40 మిల్లీ ఆంపియర్లు, 8.1 వస్తే 30. తేడా కనబడితే వెంటనే వాల్వును తిట్టకుండా రెండింటినీ ఒకదాని చోట ఒకటి మార్చి మళ్లీ కొలవండి. తేడా వాల్వుతో పాటు అటు వెళితే వాల్వుదే బాధ్యత. తేడా పాత సాకెట్టు దగ్గరే ఉండిపోతే, గ్రిడ్‌కు సిగ్నల్ తెచ్చే కప్లింగ్ కెపాసిటర్ లీకై పాజిటివ్ వోల్టేజీని లోపలికి వదులుతోందని మొదటి అనుమానం. నన్నడిగితే వాల్వు ఆంప్లిఫయర్ రిపేరులో ఇంతకంటే చవకైన, ఇంతకంటే నిజం చెప్పే పరీక్ష లేదు. అట్టపెట్టె మీద ‘మ్యాచ్డ్ పెయిర్’ అని రాసి ఉన్నంత మాత్రాన కొలవడం మానకూడదు. అమ్మినవాళ్లు వాళ్ల టెస్టరు మీద, వాళ్లు ఎంచుకున్న వోల్టేజీలో జత కలిపారు, మీ సర్క్యూట్లో కాదు.

బయాస్‌ను, అంటే వాల్వు ఎంత కరెంటు లాగాలో నిర్ణయించే గ్రిడ్ వోల్టేజీని, చేత్తో సరిచేసే రకం ఆంప్లిఫయర్ అయితే కొత్త వాల్వులు గుచ్చగానే బయాస్ పెట్టుకోవాలి. పెట్టకుండా వదిలేస్తే జంట మొత్తం 100కు బదులు 140 మిల్లీ ఆంపియర్లు లాగవచ్చు. మనం పైన వేసిన లెక్కలో 20 వోల్టులు 28 అవుతాయి. మోత పెరగడం ఒక్కటే కాదు, ఆనోడ్లు ఎర్రగా కాలడం కూడా చూడాల్సి వస్తుంది.

నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఇంకొక తీసివేత. వెనక వరసలో పుట్టిన మోతను స్పీకరు దగ్గర పట్టుకుని తలకిందులు చేసి ముందు వరసకు పంపుతుంది. 20 డెసిబెల్స్ ఫీడ్‌బ్యాక్ అలాంటి మోతను పదో వంతు చేస్తుంది. ముందు వరసలో బలహీనమైన వాల్వు పడితే ఆ శక్తి తగ్గి, వెనకటి మోత బయటపడుతుంది.

ఇదంతా అయ్యాక కూడా, పాత రేడియో మెకానిక్కు మీ మాట పూర్తిగా వినకుండానే అడిగే ప్రశ్న ఒకటుంటుంది: “వాల్యూం తిప్పితే మోత పెరుగుతోందా అండీ, అలాగే ఉంటోందా?” పెరిగితే జబ్బు వాల్యూం కంట్రోలుకు ముందు ఉంది, అలాగే ఉంటే తర్వాత ఉంది. రెండో ప్రశ్న: మోత స్పీకర్లోంచా, పెట్టెలోంచా? పవర్ ట్రాన్స్‌ఫార్మర్ రేకులు వదులై మోగుతుంటే ఏ వాల్వు మార్చినా ఉపయోగం లేదు. మూడోది ఇన్‌పుట్ సంగతి. ఇన్‌పుట్ సాకెట్టులో షార్టింగ్ ప్లగ్ పెట్టగానే మోత పోతే ఆంప్లిఫయర్ నిర్దోషి. వాల్వులు మార్చడానికి పెట్టెను ముందుకు లాగినప్పుడు వైర్లు ఊడదీసి మళ్లీ గుచ్చారు కదా, టీవీ కేబులు ద్వారా ఎర్త్ చుట్టు ఒకటి అప్పుడే ఏర్పడి ఉంటుంది.

వాల్వు గుచ్చడంలోనే జరిగే పొరపాట్లూ ఉన్నాయి. ఈఎఫ్86 మీది అల్యూమినియం డబ్బాను తిరిగి తొడగడం మరిచిపోవడం అన్నిటికంటే ముందు చూడాల్సింది. పీకి గుచ్చేటప్పుడు సాకెట్టు పళ్లు విచ్చుకుని గ్రిడ్ కాలు అందకపోతే గ్రిడ్ గాలిలో తేలుతుంది, మోత పెద్దగా వస్తుంది. వాల్వు దగ్గరికి చెయ్యి తీసుకెళితే, తాకకుండానే, ఇంకా పెరుగుతుంది. పోలికలు మోసం చేస్తాయి. ఈసీసీ88 అచ్చం ఈసీసీ83లాగే తొమ్మిది కాళ్లతో ఉంటుంది. కానీ ఈసీసీ83లో తొమ్మిదో కాలు ఫిలమెంటు మధ్య కొస, ఈసీసీ88లో అది లోపలి తెర. ఈసీసీ83 కోసం 6.3 వోల్టులకు కట్టిన సాకెట్టులో ఈసీసీ88 వెలగనే వెలగదు, 12.6కు కట్టిన సాకెట్టులో రెట్టింపు వోల్టేజీకి కాలిపోతుంది. వెనక వరసలో వాడే వాల్వుల్లో ఈఎల్34కు ఒకటో కాలు సప్రెసర్ గ్రిడ్, దాన్ని కాథోడ్‌కు కలపాలి. కేటీ88 కోసం కట్టిన ఆంప్లిఫయర్‌లో ఆ కనెక్షన్ ఉండకపోవచ్చు.

రెక్టిఫయర్ వాల్వును కూడా మార్చి ఉంటే ఇంకొక సంగతి గమనించాలి. అందులో రెండు డయోడ్లుంటాయి. ఒకటి పనిచేయకపోతే అల సగమే తిరుగుతుంది, హెచ్‌టీ మోత 100 నుంచి 50కి దిగుతుంది, మోతాదు మాత్రం పెరుగుతుంది. దీన్ని ఫిలమెంటు మోత అనుకుని ముందు వాల్వులన్నీ మార్చి డబ్బు తగలేసే ప్రమాదం ఉంది. హెచ్‌టీ వోల్టేజీ పడిపోయిందా లేదా అన్నది చూస్తే తేలిపోతుంది. మోత తగ్గాలని మొదటి కెపాసిటర్‌ను ఇష్టమొచ్చినంత పెద్దది చేయడం కూడా కుదరదు, జీజెడ్34 అంతటి గట్టి రెక్టిఫయర్‌కే హద్దు 60 మైక్రోఫారాడ్లు.

పెట్టె అడుగు విప్పాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ప్లగ్ పీకేసినా హెచ్‌టీ కెపాసిటర్లలో మూడొందల వోల్టులు నిలిచి ఉండవచ్చు, ప్రాణం తీయడానికి అది చాలు. రెసిస్టర్ ద్వారా వాటిని ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. స్పీకరు తగిలించకుండా ఆంప్లిఫయర్ వేయకూడదు. మీటరు పట్టడం అలవాటు లేకపోతే ఈ పని తెలిసినవారికి వదిలేయడమే మంచిది.

చాలామంది చెప్పే ఒక చిట్కాతో మాత్రం జాగ్రత్త. ముందు నుంచి ఒక్కో వాల్వూ పీకుతూ వెళ్లండి, మోత ఎక్కడ ఆగితే అదే దొంగ అంటారు. ఫైవ్-టెన్‌లో ఈఎఫ్86 ఆనోడ్ మధ్యలో కెపాసిటర్ లేకుండా నేరుగా ఈసీసీ83 గ్రిడ్‌కు కలిసి ఉంటుంది. ఈఎఫ్86 పీకితే ఆ గ్రిడ్ మీద హెచ్‌టీ ఎక్కి ఈసీసీ83 ఇబ్బందిలో పడుతుంది. పీకడం కంటే మార్చడం మేలు. ఆంప్లిఫయర్ ఆపి, చల్లారనిచ్చి, పాత వాల్వును ఒక్కొక్కటిగా దాని పాత చోట తిరిగి పెట్టి వినండి. ఒకటి పెట్టగానే మోత ఆగితే గుట్టు దొరికింది. అన్నీ పెట్టినా మోత ఆగకపోతే వాల్వులకు సంబంధం లేదు, సాకెట్టో, డబ్బానో, వైరో చూసుకోవాలి. కాబట్టి కొత్త సెట్టు వచ్చిందని పాత వాల్వులు పారేయకండి. ఏది ఏ సాకెట్టులోదో కాగితం చుట్టి రాసి, కొత్తవాటి అట్టపెట్టెల్లోనే దాచండి.